కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ కావాలా? ఏ దారి ఎవరికి సరిపోతుంది

బీటెక్‌లో చేరినవాళ్లు, అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సు కట్టినవాళ్లు, మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా ఏదైనా నేర్చుకుందామనుకునేవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొన్న వారంలోపే అడిగే ప్రశ్న ఒకటుంది: "డ్యూయల్ బూట్ చేసుకోమంటారా?" అంటే విండోస్, లినక్స్ రెండూ ఎక్కించుకుని, ఆన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి ఎంచుకోవడం. అడిగినవాళ్లలో సగం మందికి నేను వద్దనే చెప్తాను. లినక్స్ వద్దని కాదు, దానికి వేరే దారులున్నాయని. డ్యూయల్ బూట్ నిజంగా అవసరమైన మిగతా సగం మంది కూడా లినక్స్ ఎలా ఎక్కించాలో చూసుకుంటారు కానీ, దానికి ముందు విండోస్‌లో చేయాల్సిన పని వదిలేస్తారు. దెబ్బ తగిలేది అక్కడే.

## ముందు తేల్చుకోవాల్సిన విషయాలు

అన్నిటికంటే ముఖ్యమైనది, రోజులో ఎన్నిసార్లు అటూ ఇటూ మారాలి అన్నది. డ్యూయల్ బూట్‌లో మారడమంటే తెరిచినవన్నీ సేవ్ చేసి, మూసేసి, రీస్టార్ట్ చేయడం. లినక్స్‌లో కోడ్ రాస్తుండగా ఎవరో ఎక్సెల్ ఫైల్ పంపి "ఇది కొంచెం చూడు" అంటారు. అది చూసి మళ్లీ వెనక్కి రావాలంటే ఇంకో రీస్టార్ట్. నాలుగు రోజులు ఓపిక పడతారు, ఐదో రోజు నుంచి ఒకే వైపు ఉండిపోతారు. చాలామంది విషయంలో ఆ వైపు విండోసే. లినక్స్‌కి ఇచ్చిన వంద జీబీ ఊరికే పడి ఉంటుంది.

రెండోది, మీ పనికి లినక్స్ హార్డ్‌వేర్‌ని నేరుగా పట్టుకోవాలా? పైథాన్, జావా, గిట్, డాకర్ లాంటివాటికి అక్కర్లేదు. యూఎస్‌బీకి తగిలించే బోర్డులు, రోబోటిక్స్, డ్రైవర్లు రాయడం, రోజంతా లినక్స్ డెస్క్‌టాప్ మీదే పనిచేయడం అయితే కావాలి.

మూడోది ర్యామ్, ఎస్ఎస్‌డీ. 8 జీబీ ర్యామ్ ఉంటే రెండు సిస్టమ్‌లు ఒకేసారి నడిచే దారులన్నీ ఇరుకే. అక్కడ డ్యూయల్ బూట్‌కి ఒక మంచి గుణముంది: ఒక సమయంలో ఒకటే నడుస్తుంది కాబట్టి ఉన్న ర్యామ్ మొత్తం దానికే.

నాలుగోది, ల్యాప్‌టాప్ ఎవరిది, ఇప్పుడు ఏ సమయం? ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇక్కడే ఆగండి. దాని పార్టిషన్లు (డిస్క్‌ని విడగొట్టిన భాగాలు) కదపడం మీ చేతిలో ఉన్న విషయం కాదు, ఐటీ టీమ్‌ని అడగాలి. సొంతదే అయినా వచ్చే వారం ప్లేస్‌మెంట్ టెస్టులుంటే ఈ పని సెలవుల్లో పెట్టుకోండి.

చివరిది, విండోస్ లేకుండా జరగని పనులు. ట్యాలీ, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసే డీటీపీ, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు, వాలరెంట్ లాంటి ఆటలు. ఇవి లేనివాళ్లు అసలు రెండూ ఎందుకు ఉంచుకోవాలో ఒకసారి ఆలోచించుకోవచ్చు. పూర్తిగా లినక్స్‌కే మారిపోవడం కూడా ఒక దారే.

## ఒక చూపులో

| దారి | మారడానికి | హార్డ్‌వేర్ | ర్యామ్ | తేడా వస్తే |
|---|---|---|---|---|
| డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్) | విండో మార్చినంత తేలిక | ఎన్‌విడియా జీపీయూ అందుతుంది, యూఎస్‌బీకి అదనపు పని | 16 జీబీ ఉంటే హాయి | తీసేసి మళ్లీ వేసుకోవచ్చు |
| వర్చువల్ మెషీన్ | విండో మార్చినంత తేలిక | యూఎస్‌బీ సరే, గ్రాఫిక్స్ అంతంతమాత్రం | 16 జీబీ ఉండాల్సిందే | స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లొచ్చు |
| ఒకే ఎస్ఎస్‌డీలో డ్యూయల్ బూట్ | రీస్టార్ట్ | అంతా నేరుగా | 8 జీబీతోనూ నడుస్తుంది | డేటా పోయే ప్రమాదం ఉంది |
| రెండు ఎస్ఎస్‌డీలు | రీస్టార్ట్ | అంతా నేరుగా | 8 జీబీతోనూ నడుస్తుంది | ఒకటి పోయినా రెండోది క్షేమం |
| బయటి ఎస్ఎస్‌డీ | రీస్టార్ట్, పైగా కేబుల్ | అంతా నేరుగా | 8 జీబీతోనూ నడుస్తుంది | ఊడదీస్తే చాలు |
| పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ | పక్కకి తిరిగితే చాలు | ఆ మెషీన్‌ది | పాతదాన్ని బట్టి | కొత్తదానికి ఏమీ కాదు |

## డబ్ల్యూఎస్ఎల్: ముందు దీన్ని చూసి, తర్వాత మిగతావి

విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు ఇది. 2016లో మొదలైంది. 2020లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఇందులో అసలైన లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) నడుస్తోంది కాబట్టి, "ఇది నకిలీ లినక్స్" అని సీనియర్లు చెప్పే పాత మాట ఇప్పుడు చెల్లదు. విండోస్ హోమ్ ఎడిషన్‌లోనూ పనిచేస్తుంది. పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క ఇన్‌స్టాల్ కమాండ్ ఇచ్చి, ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సిద్ధం. పార్టిషన్ గొడవ లేదు, బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లే పని లేదు. విండోస్ 11లో లినక్స్ గ్రాఫికల్ యాప్‌లు కూడా మామూలు విండోల్లా తెరుచుకుంటాయి.

కాలేజీ ఓఎస్ ల్యాబ్‌లో చేయించే షెల్ స్క్రిప్టులు, ఫోర్క్, పైపులు, థ్రెడ్లు అన్నీ ఇందులో నడుస్తాయి. వీఎస్ కోడ్ నేరుగా దీనికి కనెక్ట్ అవుతుంది. ఎన్‌విడియా కార్డు ఉంటే విండోస్ డ్రైవర్ ద్వారానే కుడా (జీపీయూతో లెక్కలు చేయించే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్) పనిచేస్తుంది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకి మొదటి ఏడాది ఇది చాలు.

దీంతో వచ్చే చికాకులు రెండు. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ నుంచి తెరిస్తే చాలా నెమ్మదిగా ఉంటుంది. ఫైళ్లు లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. "డబ్ల్యూఎస్ఎల్ స్లో అండీ" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. రెండోది ర్యామ్. మామూలు సెట్టింగ్‌లో మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడుకునే వీలు దానికుంది. 8 జీబీ మెషీన్‌లో క్రోమ్ ట్యాబ్‌లు పాతిక తెరిచి డాకర్ కూడా నడిపితే హ్యాంగ్ అవ్వక ఏమవుతుంది? కాన్ఫిగ్ ఫైల్‌లో పరిమితి పెట్టుకోవచ్చు.

నేర్చుకోవడం దగ్గర మాత్రం దీనికి ఒక లోటుంది. బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని తెరిచే ప్రోగ్రామ్), డిస్క్ పార్టిషన్లు, డ్రైవర్లు, డెస్క్‌టాప్ ఇవేవీ మీ చేతికి రావు. లినక్స్ అడ్మిన్ అవుదామనుకునేవాళ్లకి నేర్చుకోవాల్సింది అదే.

## వర్చువల్ మెషీన్: లినక్స్ అడ్మిన్ కోర్సు వాళ్లకి

విండోస్‌లో ఒక విండో లోపల ఇంకో కంప్యూటర్ నడుస్తున్నట్టు చేసే ఏర్పాటు ఇది. దానికి వాడే వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 మేలో వ్యక్తిగత వాడకానికి, అదే ఏడాది నవంబర్‌లో అందరికీ ఉచితమైంది.

ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్‌హ్యాట్ కంపెనీ ఇచ్చే లినక్స్ అడ్మిన్ సర్టిఫికెట్) కోసం చదివేవాళ్లకి ఇంతకు మించినది లేదు. రూట్ పాస్‌వర్డ్ రీసెట్ చేయడం, ఎల్‌వీఎం వాల్యూమ్‌లు పెంచడం, ఎఫ్‌స్ట్యాబ్ ఫైల్‌లో తప్పు రాసి బూట్ ఆగిపోతే బాగుచేయడం, ఇవన్నీ మళ్లీ మళ్లీ చెడగొట్టి నేర్చుకోవాల్సినవి. రోజూ వాడే సిస్టమ్ మీద ఇవి ఎవరూ ధైర్యంగా చేయరు. ఇక్కడైతే ముందు స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితికి కాపీ) తీసుకుని, తర్వాత ఇష్టమొచ్చినట్టు చెడగొట్టొచ్చు. రెండు మెషీన్లు పెట్టి ఒకదాన్ని సర్వర్, ఇంకోదాన్ని క్లయింట్ చేసుకోవచ్చు. రెడ్‌హ్యాట్ వ్యక్తులకిచ్చే డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితం. అది వద్దనుకుంటే రాకీ లినక్స్ లేదా ఆల్మాలినక్స్.

రోజంతా కూర్చుని పనిచేయడానికి మాత్రం ఇది బరువు. వర్చువల్‌బాక్స్ విండో కింద మూలన తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్‌-వీ దాని దారికి అడ్డం ఉందని అర్థం. డబ్ల్యూఎస్ఎల్‌ని, వర్చువల్‌బాక్స్‌ని ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నవాళ్లకి తరచూ ఎదురయ్యేదే ఇది.

## ఒకే ఎస్ఎస్‌డీలో డ్యూయల్ బూట్

హైదరాబాద్‌లో ఒకే ఇంటిని రెండు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టే ఇది. ఎవరి పోర్షన్ వాళ్లది, కానీ గేటు ఒక్కటే. డ్యూయల్ బూట్ గొడవల్లో ఎక్కువ భాగం ఆ గేటు దగ్గరే, అంటే ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం), బూట్ ఆర్డర్, సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న బూట్‌లోడర్‌నే తెరవనిచ్చే కాపలా) దగ్గరే.

ఎవరికి ఇది సరైనది? లినక్స్‌లో ఒకసారి కూర్చుంటే గంటల తరబడి లేవనివాళ్లకి. 8 జీబీ ర్యామ్‌తోనే సరిపెట్టుకోవాల్సినవాళ్లకి. రోబోటిక్స్ చేసేవాళ్లకి: రోబోల కోసం వాడే ఆర్ఓఎస్ 2 సాఫ్ట్‌వేర్‌లో హంబుల్ వెర్షన్ ఉబుంటు 22.04 మీద, జాజీ వెర్షన్ 24.04 మీద నడిచేలా తయారయ్యాయి. సిమ్యులేషన్, సెన్సర్లు, యూఎస్‌బీ అన్నీ కలిస్తే నేరుగా ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటుకి సాటి లేదు. కెర్నల్, డ్రైవర్ల పని నేర్చుకునేవాళ్లకి కూడా ఇదే. వీళ్లలో మీరు లేకపోతే కింది భాగం చదవకుండా "బయటి ఎస్ఎస్‌డీ" దగ్గరికి వెళ్లిపోవచ్చు.

లినక్స్ ఎక్కించేముందు చేయాల్సినవి వరుసగా చూద్దాం. మొదటిది రికవరీ కీ. ఇప్పుడు వస్తున్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం) దానంతటదే ఆన్ అయి ఉండటం మామూలైపోయింది. 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ మెషీన్లకి వచ్చింది. హోమ్ ఎడిషన్‌లోనూ ఉంటుంది, మీకు చెప్పదు. తర్వాత మీరు బయోస్‌లో ఏదో మార్చగానే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా లేనట్టే. ఏ షాపువాడూ తెరవలేడు.

ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ఇక్కడ మన దగ్గర ఒక చిక్కుంది. షాపులో ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించేటప్పుడు అక్కడి అబ్బాయే గబగబా ఒక మెయిల్ ఐడీతో అకౌంట్ తెరిచేస్తాడు. ఆ ఐడీ, పాస్‌వర్డ్ నెల తర్వాత ఎవరికీ గుర్తుండవు. మీ కీ ఆ అకౌంట్‌లో ఉండిపోతుంది, ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ లైసెన్స్ కూడా దానికే అతుక్కుంటుంది. అందుకే కొనేరోజే మీ సొంత మెయిల్‌తో, మీ చేత్తోనే అకౌంట్ పెట్టుకోండి. తర్వాత బ్రౌజర్‌లో ఆ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద రికవరీ కీ చూసి కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫోటో తీసుకున్నా సరే, అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే మాత్రం పనికిరాదు.

విండోస్ పెన్‌డ్రైవ్. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసి పక్కన పెట్టుకోండి. లినక్స్‌ పెన్‌డ్రైవ్ వేరు, ఇది వేరు. ఫోటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి.

ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ పార్టిషన్ తెరిస్తే చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, ఫైల్ రాయనివ్వదు.

జాగా విండోస్ నుంచే తగ్గించాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేస్తే ష్రింక్ వాల్యూమ్ ఉంటుంది. లినక్స్ ఇన్‌స్టాలర్‌తో సీ డ్రైవ్‌ని తగ్గించొద్దు. ఎన్‌క్రిప్షన్ ఉంటే అది ఎలాగూ ఒప్పుకోదు. 512 జీబీ అని అమ్మిన ఎస్ఎస్‌డీ విండోస్‌లో 476 దగ్గర కనిపిస్తుంది. షాపువాడు మోసం చేశాడనుకోకండి, లెక్క కట్టే పద్ధతిలో తేడా. అందులో లినక్స్‌కి 120 నుంచి 150 జీబీ ఇస్తే బాగుంటుంది. ఉబుంటుకి 25 జీబీ చాలని రాసి ఉంటుంది కానీ, డాకర్ ఇమేజ్‌లు రెండు మూడు దించగానే అది నిండిపోతుంది. ష్రింక్‌లో మీరడిగినంత ఇవ్వకపోతే సీ డ్రైవ్ చివర్లో కదలని ఫైళ్లున్నాయని అర్థం. అందుకే కొత్తగా ఉన్నప్పుడే, డేటా నిండకముందే ఈ పని తేలిక.

పెన్‌డ్రైవ్‌తో ముందు నడిపి చూడాలి. ఉబుంటు ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఫైల్) దించి, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బూట్ మెనూ కీతో (డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9) దాంట్లోంచి తెరిచి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది ఎంచుకోండి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, బ్రైట్‌నెస్, మూత మూసి తెరిస్తే తిరిగి లేవడం చూసుకోండి. ఫింగర్‌ప్రింట్ పనిచేయకపోతే ఆశ్చర్యపోకండి, చాలా మోడళ్లలో అంతే. వైఫై రాకపోతే మాత్రం ఆగి ఆలోచించండి. ఉబుంటు ఐఎస్ఓ దాదాపు 6 జీబీ ఉంటుంది. ఎస్ఆర్ నగర్ హాస్టల్ వైఫైతో అయినా, రోజుకి 2 జీబీ ఫోన్ ప్లాన్‌తో అయినా అది దిగడమే ఒక పరీక్ష. లినక్స్ మింట్ దాంట్లో సగం సైజు.

ఎస్ఎస్‌డీ అసలు కనిపించకపోతే, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ (ఎస్ఎస్‌డీని నడిపించే ఇంటెల్ పద్ధతులు) ఆన్‌లో ఉండటం కారణం కావచ్చు. దాన్ని గుడ్డిగా మామూలు పద్ధతైన ఏహెచ్‌సీఐకి మార్చేస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యాక మామూలు మోడ్‌కి రావాలి.

సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు. ఇంటర్నెట్‌లో పాత వీడియోలన్నీ ముందు అది ఆపమంటాయి. ఉబుంటు, ఫెడోరా, మింట్, డెబియన్ అది ఆన్‌లో ఉండగానే ఎక్కుతాయి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే సెక్యూర్ బూట్ ఉండాల్సిందే కూడా. ఒక్కచోట జాగ్రత్త. ఎన్‌విడియా డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, తర్వాతి బూట్‌లో నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అని వస్తుంది. చాలామంది భయపడి ఎంటర్ కొట్టి దాటేస్తారు. అప్పుడు డ్రైవర్ లోడ్ అవ్వదు. ఎన్‌రోల్ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి, అంతే.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదట కనిపించే వింత గడియారం. లినక్స్‌లో కాసేపు ఉండి విండోస్‌కి వస్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయం పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుని చదువుతుంది. లండన్‌లో ఉన్నవాళ్లు చలికాలంలో దీన్ని గమనించను కూడా గమనించరు, మనకైతే పరీక్ష లాగిన్ టైమ్ తప్పుతుంది. లినక్స్‌ని లోకల్ టైమ్ వాడమని చెప్పే ఒక్క కమాండ్‌తో సరిపోతుంది.

ఇక విండోస్ అప్‌డేట్‌లు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక అప్‌డేట్ సెక్యూర్ బూట్ నిబంధనలు మార్చడంతో, పాత బూట్‌లోడర్ ఉన్న డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్ తెరుచుకోవడం ఆగిపోయింది. అప్పటికి దారి, సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్లి సరిచేసుకోవడం. ఇలాంటివి రోజూ జరగవు. కానీ ఎప్పుడో ఒకరోజు ఉదయం లేచేసరికి లినక్స్ మెనూ మాయమై నేరుగా విండోస్ తెరుచుకోవచ్చు. చాలాసార్లు బయోస్‌లో బూట్ ఆర్డర్ మారి ఉంటుంది, ఉబుంటుని పైకి జరిపితే మెనూ వచ్చేస్తుంది. ఈ మాత్రానికే ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లున్నారు.

## రెండో ఎస్ఎస్‌డీ, బయటి ఎస్ఎస్‌డీ

ల్యాప్‌టాప్‌లో రెండో ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఉంటే, పై టెన్షన్‌లో సగం పోతుంది. సీ డ్రైవ్ ముట్టుకోరు, ష్రింక్ లేదు. కొనేముందే మీ మోడల్‌కి రెండో స్లాట్ ఉందో లేదో కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో చూడండి. వెనక మూత తెరిస్తే వారంటీ సంగతేంటో కూడా సర్వీస్ సెంటర్‌ని అడిగి తెలుసుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఎస్ఎస్‌డీ కొని అక్కడే వేయించుకోవచ్చు. మీ ముందే వేయించుకోండి, విండోస్ కూడా కొత్తగా వేస్తానంటే వద్దనండి.

బయటి ఎస్ఎస్‌డీ హాస్టల్ పిల్లలకి మంచి మధ్యేమార్గం. నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్‌ని కదిలించకుండా అసలైన లినక్స్ చేతికొస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పూర్తి ఇన్‌స్టాల్ చేసే ప్రయత్నం వద్దు, నెమ్మదితనం చూసి లినక్స్ అంటేనే విరక్తి పుడుతుంది. బయటి ఎస్ఎస్‌డీలోకి ఎక్కించేటప్పుడు ఒక మెలిక ఉంది: బూట్‌లోడర్‌ని లోపలి ఎస్ఎస్‌డీలోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేసే అలవాటు ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి ఉంది. మాన్యువల్ పార్టిషన్ ఎంచుకుని, బూట్‌లోడర్ ఏ డిస్క్‌లోకి వెళ్తుందో కళ్లారా చూసుకోండి.

## ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అర్హత లేక మూలన పడ్డ ల్యాప్‌టాప్‌లు ఇళ్లలో బోలెడు. 8 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే లినక్స్ మింట్ వాటిలో చక్కగా నడుస్తుంది. మొత్తం డిస్క్ లినక్స్‌కే ఇవ్వొచ్చు, పార్టిషన్ లెక్కలు లేవు, చెడితే మళ్లీ వేసుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్ నుంచి దానికి ఎస్ఎస్‌హెచ్‌తో (వేరే కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద కమాండ్‌లు ఇచ్చే పద్ధతితో) కనెక్ట్ అవడం నేర్చుకుంటే, రేపు క్లౌడ్ సర్వర్ ముందు కూర్చున్నప్పుడు చేసే పనే ఇప్పుడు చేసినట్టు. డెవాప్స్ వాళ్లకి ఇది కోర్సులో భాగంగా పెట్టినా తప్పులేదు.

## మీరు ఎవరైతే ఏది

బీటెక్ మొదటి, రెండో ఏడాది సీఎస్ఈ: డబ్ల్యూఎస్ఎల్. ఏడాది వాడాక "ఇక లినక్స్‌లోనే ఉంటాను" అనిపిస్తే అప్పుడు డ్యూయల్ బూట్.

ఈసీఈ, రోబోటిక్స్, ఎంబెడెడ్: డ్యూయల్ బూట్, వీలైతే రెండో ఎస్ఎస్‌డీతో. డబ్ల్యూఎస్ఎల్‌లో యూఎస్‌బీ బోర్డులు తగిలించడానికి దారి ఉంది కానీ ల్యాబ్‌లో సార్ నిలబడి చూస్తుండగా చేయాల్సిన పని కాదు.

ఆర్‌హెచ్‌సీఎస్ఏ, లినక్స్ అడ్మిన్, డెవాప్స్: 16 జీబీ ర్యామ్ ఉంటే వర్చువల్ మెషీన్. 8 జీబీయే ఉంటే పాత ల్యాప్‌టాప్, అదీ లేకపోతే డ్యూయల్ బూట్.

ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్నవాళ్లు: విండోస్‌ని కదపొద్దు. ఆన్‌లైన్ టెస్టులు, ఇంటర్వ్యూలు ఎక్కువగా దాంట్లోనే. కొన్ని పరీక్ష సాఫ్ట్‌వేర్లు వర్చువల్ మెషీన్‌లో నడవడానికి ఒప్పుకోవు కూడా. చేతికి ఆఫర్ లెటర్ వచ్చేదాకా డబ్ల్యూఎస్ఎల్.

అకౌంట్స్, డీటీపీ: మీకు విండోసే ప్రధానం. లినక్స్ ఎలా ఉంటుందో చూడాలన్న సరదా ఉంటే లైవ్ పెన్‌డ్రైవ్ చాలు. తెలుగు టైపింగ్ మాటకొస్తే, యూనికోడ్‌లో రాసేవాళ్లకి లినక్స్‌లో లోటేమీ లేదు. లినక్స్‌లో టైపింగ్ పద్ధతులు మార్చే ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంది. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లే సమస్య.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు: మామూలు ఉబుంటు ఐఎస్ఓ అందులో బూట్ అవ్వదు, అది ఇంటెల్, ఏఎండీ మెషీన్లకి. డబ్ల్యూఎస్ఎల్ వాడుకోండి. డ్యూయల్ బూట్ తప్పనిసరి అనుకునేవాళ్లు ఈ ల్యాప్‌టాప్ కొనకండి.

## ఏ లినక్స్

ఇక్కడ ఎక్కువ ఆలోచించకండి. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు అప్‌డేట్‌లు ఉంటాయి. ఏ ట్యుటోరియల్ చూసినా దానికే రాసి ఉంటుంది. విండోస్‌లాంటి డెస్క్‌టాప్ కావాలంటే మింట్. మరీ కొత్త ప్రాసెసర్, కొత్త వైఫై చిప్ ఉంటే ఫెడోరాలో కొత్త కెర్నల్ త్వరగా వస్తుంది, కానీ ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ పదమూడు నెలలే. అన్నీ చేత్తో కూర్చుకోవాల్సిన ఆర్చ్‌ని మొదటి లినక్స్‌గా పెట్టుకోమని రూమ్మేట్ సలహా ఇస్తే, దాన్ని బాగుచేసే పని కూడా అతనికే అప్పజెప్పండి. ఇంటర్‌ఫేస్ తెలుగులో ఉండాలనుకునేవాళ్లకి, మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛ ఓఎస్ అని తెచ్చింది.

## తర్వాత లినక్స్ తీసేయాలనిపిస్తే

విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్లు డిలీట్ చేసేస్తే చాలనుకుంటారు. మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) అని వస్తుంది, విండోస్ పోయిందని కంగారు పడతారు. విండోస్ ఎక్కడికీ పోదు, బూట్ ఆర్డర్‌లో ముందున్న గ్రబ్‌కి దాని ఫైళ్లు దొరకలేదంతే.

సరైన వరుస ఇది: ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తేవాలి. లినక్స్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటోందని రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూసుకోవాలి. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్లు డిలీట్ చేసి, సీ డ్రైవ్‌ని ఎక్స్‌టెండ్ చేయాలి. ఖాళీ జాగా సీ డ్రైవ్‌కి వెంటనే కుడిపక్కన ఉంటేనే ఎక్స్‌టెండ్ ఆప్షన్ వెలుగుతుంది. మధ్యలో ఇంకో పార్టిషన్ పెట్టుకుని ఉంటే, ఆ జాగాని కొత్త డ్రైవ్‌గా వాడుకోవడమే సులువు. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉబుంటు ఫోల్డర్ కొన్ని ఎంబీలు మిగిలిపోతుంది. దాని వల్ల నష్టం లేదు, వదిలేయండి.